కోట్లమంది చూసినా దక్కని మన్నన

2022 డిసెంబర్ 18న ఖతార్‌లో ఫ్రాన్స్, అర్జెంటీనా ప్రపంచకప్ ఫైనల్ ఆడుతుంటే ఫ్రాన్స్‌లో రెండు కోట్ల నలభై లక్షల మంది ఒకే ఛానల్ ముందు కూర్చున్నారు. దేశ జనాభాలో అది మూడో వంతు కంటే ఎక్కువ. ఒక్క ఛానల్‌లో వచ్చిన ప్రసారాన్ని ఇంతమంది చూడటం ఫ్రెంచి టీవీ చరిత్రలో అదే మొదటిసారి. అంతకుముందు రికార్డు కూడా ఆ ఛానల్‌దే. 2006 జులైలో పోర్చుగల్‌తో జరిగిన సెమీఫైనల్‌ను అందులో రెండు కోట్ల ఇరవై లక్షల మంది చూశారు. ఆ ఛానల్ పేరు టీఎఫ్1.

ఇంత జనాదరణ ఉన్న ఛానల్‌కు అదే దేశంలో ఇంత చెడ్డపేరు ఎందుకు వచ్చిందన్నది ఆలోచించాల్సిన విషయం. నలభై ఏళ్లుగా ఫ్రెంచి అధ్యాపకులు, రచయితలు, వామపక్షీయులు, చివరికి పోటీ ఛానళ్ల హాస్య కార్యక్రమాలు కూడా టీవీ ఎలా ఉండకూడదో చెప్పడానికి టీఎఫ్1నే ఉదాహరణగా చూపిస్తూ వచ్చారు. ప్రభుత్వాలకు దగ్గరనీ, ప్రేక్షకుణ్ని ప్రకటనకర్తకు అమ్ముతుందనీ, భయాన్ని పెంచుతుందనీ నిందలు పడ్డాయి. ఇదంతా సామాన్యుడి అభిరుచిని చూసి పారిస్ మేధావులు ముక్కు చిట్లించుకోవడమేనని కొట్టిపారేసేవారూ ఉన్నారు. అందులో కొంత నిజం ఉంది, దాని గురించి తర్వాత చెబుతాను. అసలు కారణం మాత్రం ఆ ఛానల్‌ను అమ్మిన తీరులోనే ఉంది.

1974లో ఓఆర్‌టీఎఫ్ అనే ఏకైక ప్రభుత్వ ప్రసార సంస్థను విడగొట్టినప్పుడు మొదటి ఛానల్‌కు టీఎఫ్1 అని పేరు పెట్టారు. 1975 జనవరి నుంచి అది వేరే కంపెనీగా పనిచేసింది, కానీ సొంతదారు ప్రభుత్వమే. 1986 మార్చి ఎన్నికల్లో మితవాదులు గెలిచి జాక్ షిరాక్ ప్రధాని అయ్యారు. అధ్యక్ష పీఠంలో మాత్రం సోషలిస్టు ఫ్రాన్స్వా మితెరాన్ ఉన్నారు. షిరాక్ ప్రభుత్వం బ్యాంకులు, పరిశ్రమల వరసలో ఒక టీవీ ఛానల్‌ను కూడా అమ్మాలని నిశ్చయించింది. అమ్మకానికి పెట్టింది చిన్నాచితకా ఛానల్‌ను కాదు, అన్నిటికంటే పాతదాన్ని, అందరూ చూసేదాన్ని. మన దూరదర్శన్ మొదటి ఛానల్‌ను యాంకర్లతో, సిబ్బందితో, సీరియళ్లతో, తరాల అలవాటుతో సహా ఒక కాంట్రాక్టరుకు రాసిచ్చినట్లు ఊహించుకుంటే అప్పుడు ఫ్రెంచివారికి కలిగిన విస్మయం అర్థమవుతుంది. తమ మొదటి ప్రభుత్వ ఛానల్‌ను ఇలా మొత్తంగా ప్రైవేటుకు ఇచ్చిన పెద్ద దేశం పశ్చిమ యూరప్‌లో మరొకటి లేదు. బ్రిటన్‌లో బీబీసీ, ఇటలీలో రాయ్, జర్మనీలో ఏఆర్‌డీ ప్రజల సంస్థలుగానే నిలిచాయి.

1986 సెప్టెంబర్ 30న వచ్చిన ప్రసార చట్టానికి కర్త సంస్కృతి మంత్రి ఫ్రాన్స్వా లెయొతార్. ఛానల్‌లో సగం వాటాకు ప్రభుత్వం ముందే ధర కట్టింది, 300 కోట్ల ఫ్రాంకులు. ధర మీద పోటీ లేదు కాబట్టి సాంస్కృతికంగా ఎవరు మేలైన హామీ ఇస్తే వారికే ఛానల్ అన్నారు. వినడానికి గొప్పగా ఉంది. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు పుస్తక ప్రచురణ సంస్థ హషెట్‌ను నడుపుతున్న జాన్-లూక్ లగార్దేర్. ఆయన చేతిలో క్షిపణులు తయారు చేసే మాత్రా కూడా ఉండేది. రెండోవారు దేశంలోకెల్లా పెద్ద నిర్మాణ సంస్థకు అధిపతి ఫ్రాన్సిస్ బ్విగ్. 1952లో సొంతంగా కంపెనీ పెట్టి రోడ్లు, వంతెనలు, భవనాలు కడుతూ ఎదిగిన మనిషి. ఛానల్ లగార్దేర్‌కే దక్కుతుందని దాదాపు అందరూ అనుకున్నారు. సీఎన్‌సీఎల్ అనే కొత్త నియంత్రణ సంస్థ ముందుకు బ్విగ్ బృందం చక్కగా తయారై వచ్చింది. పక్కన పాట్రిక్ లె లే, వ్యాపారవేత్త బెర్నార్ తాపీ ఉన్నారు. 1987 ఏప్రిల్ 4న టీఎఫ్1 వారికే దక్కింది.

ధరను డబ్బుగా తీసుకున్న ప్రభుత్వం, నాణ్యతను హామీగా తీసుకుంది. డబ్బు వెంటనే ఖజానాకు చేరింది. హామీని వసూలు చేసే నాథుడు లేడు. ఆ హామీలు విన్న సీఎన్‌సీఎల్ 1989 నాటికి రద్దయి, దాని స్థానంలో సీఎస్ఏ వచ్చింది. ఛానల్‌ను ఇచ్చిన సంస్థే మూడేళ్లు నిలవకపోతే ఇచ్చిన మాట ఎవరికి గుర్తుంటుంది? ఆ తర్వాత టీఎఫ్1 మీద వచ్చిన విమర్శలకు మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ప్రైవేటు ఛానల్‌గానే పుట్టిన ఎం6 ఆటలు, పాటలు, అమెరికన్ సీరియళ్లతో నడిచినా దాని మీద ఎవరూ ఇంత మండిపడలేదు. టీఎఫ్1 మీద కోపం వేరు. అది ఒకప్పుడు తమదన్న బాధ, ఇచ్చిన మాట గాలికి పోయిందన్న బాధ అందులో ఉన్నాయి.

కొత్త యాజమాన్యం గుణం ఆ ఏడాదే బయటపడింది. శనివారం రాత్రుళ్లు మిషెల్ పొలాక్ నడిపే చర్చా కార్యక్రమం 1981 నుంచి టీఎఫ్1లో వస్తుండేది. స్టూడియో నిండా సిగరెట్ పొగ, అరుపులు, తగాదాలు. అయినా ఫ్రాన్స్ మాట్లాడని విషయాలు అక్కడ మాట్లాడేవారు. అట్లాంటిక్ తీరంలోని రే ద్వీపానికి బ్విగ్ సంస్థ కడుతున్న వంతెన మీద స్థానికంగా, పర్యావరణవాదుల్లో వ్యతిరేకత ఉండేది. పొలాక్ ఆ విషయం వదల్లేదు. 1987 సెప్టెంబర్ 19న ఆ కార్యక్రమంలో వియాజ్ గీసిన ఒక కార్టూన్ చూపించారు. ఇల్లు మేస్త్రీది, వంతెన మేస్త్రీది అని మొదలై, టీవీ దగ్గరికి వచ్చేసరికి ఒక బూతుమాట మొదటి అక్షరంతో ఆగే వ్యాఖ్య అది. కొద్దిరోజుల్లో పొలాక్ ఉద్యోగం పోయింది, కార్యక్రమమూ పోయింది. యజమాని మీద వేసిన ఒక్క కార్టూన్‌ను భరించలేని ఛానల్, యజమానికి పనులిచ్చే ప్రభుత్వాన్ని రేపు ఎలా ప్రశ్నిస్తుందన్న అనుమానం ఆ రోజే నాటుకుంది. తర్వాత ఎన్ని మంచి కార్యక్రమాలు వచ్చినా ఆ అనుమానం పూర్తిగా తొలగలేదు.

మంచి కార్యక్రమాలు లేవని కాదు. ఆదివారం సాయంత్రాల్లో ఆన్ సింక్లేర్ చేసిన ముఖాముఖీలు దేశ రాజకీయాలకు వేదికయ్యాయి. 1994 డిసెంబర్‌లో జాక్ దెలోర్ తాను అధ్యక్ష పదవికి పోటీ చేయనని చెప్పింది ఆమె ఎదుటే. గెలిచే అవకాశం ఉందని సర్వేలన్నీ చెబుతున్న నాయకుడు అలా తప్పుకోవడంతో ఆ వారమంతా ఫ్రాన్స్‌లో అదే చర్చ. నికొలా హ్యులో సాహసయాత్రల కార్యక్రమం ప్రకృతి మీద ఒక తరానికి ఆసక్తి కలిగించింది, ఆయన తర్వాత పర్యావరణ మంత్రి అయ్యారు. దీనికి పక్కనే మచ్చ కూడా ఉంది. 1991 డిసెంబర్‌లో రాత్రి 8 గంటల వార్తల యాంకర్ పాట్రిక్ ప్వావ్ర్ దార్వోర్ క్యూబా అధినేత ఫిడెల్ క్యాస్ట్రోతో ముఖాముఖి జరిపినట్లు చూపించారు. నిజానికి అది విలేకరుల సమావేశం. విడిగా చిత్రీకరించిన తన ప్రశ్నలను అందులో అతికించారు. విషయం బయటపడ్డాక కూడా ఆయన 2008 దాకా అదే కుర్చీలో కొనసాగారు. ప్రభుత్వ రంగంలో ఇలాంటి తప్పు జరిగితే పార్లమెంటులో ప్రశ్నలు వచ్చేవి. ఇక్కడ రేటింగులు నిలిచాయి కాబట్టి మనిషి నిలిచాడు.

ఆ రేటింగులను తక్కువగా చూడలేం. 1990ల తొలి ఏళ్లలో టీవీ చూసే సమయంలో 40 శాతానికి పైగా ఈ ఒక్క ఛానల్‌దే. పోటీకి దిగిన లా సాంక్ 1992 ఏప్రిల్‌లో మూతపడింది. మన దగ్గర కేబుల్ రాకముందు దూరదర్శన్‌ది గుత్తాధిపత్యం, ప్రేక్షకుడికి మరో దారి లేదు. ఫ్రాన్స్‌లో మాత్రం పోటీ ఉండగా ప్రైవేటు చేతుల్లో ఉన్న ఛానల్ ఆ స్థాయిలో నిలబడింది. అంతమంది చూసేదాన్ని మంత్రి అయినవాడు, కావాలనుకున్నవాడు కాదని బతకలేడు. టీఎఫ్1 శక్తి అందులో ఉంది. దాని మీద భయమూ అక్కడే పుట్టింది. 1997లో పియెర్ పెయాన్, క్రిస్తోఫ్ నిక్ ఈ ఛానల్ మీద రాసిన పెద్ద పరిశోధన గ్రంథానికి అధికారం అన్న మాటే పేరులో పెట్టారు. దానికి ఏడాది ముందు సామాజికశాస్త్రవేత్త పియెర్ బూర్దియు టీవీ మీద రాసిన చిన్న పుస్తకం ఫ్రాన్స్ అంతటా చర్చకు వచ్చింది. రేటింగుల ఒత్తిడి జర్నలిజాన్ని లోపలి నుంచే ఎలా మారుస్తుందో, నేరవార్తలు ప్రజలకు తెలియాల్సిన విషయాలను ఎలా పక్కకు నెడతాయో ఆయన వివరించారు.

ఛానల్ పరువును అందరికంటే ఎక్కువగా తీసింది మాత్రం బయటి విమర్శకుడు కాదు, దాని అధిపతి పాట్రిక్ లె లే. 2004లో వ్యాపార నాయకుల అభిప్రాయాలతో వచ్చిన ఒక పుస్తకంలో ఆయన తన వృత్తి ఏమిటో దాపరికం లేకుండా చెప్పారు. కోకాకోలా తన సరుకు అమ్ముకోవడానికి సాయపడటమే టీఎఫ్1 పని అన్నారు. ప్రకటన తలకెక్కాలంటే ప్రేక్షకుడి మెదడు ఖాళీగా ఉండాలి, రెండు ప్రకటనల మధ్య దాన్ని సేదతీర్చి సిద్ధం చేయడానికే కార్యక్రమాలు, కాబట్టి తాము అమ్మేది ఖాళీగా ఉన్న మెదడు సమయాన్నని ఆయన చెప్పిన మాటల సారాంశం. ఇరవై ఏళ్లు గడిచినా ఫ్రాన్స్‌లో బళ్లలో, సభల్లో, పత్రికల్లో ఆ మాట ప్రస్తావనకు వస్తూనే ఉంది. ప్రకటనల మీద బతికే ప్రతి ఛానల్ చేసేది ఇదేనని ఆయన్ని సమర్థించినవారు ఉన్నారు. నిజమే. కానీ సంస్కృతి పేరుతో ఛానల్ తీసుకున్న సంస్థ పదిహేడేళ్ల తర్వాత తన పని ఇదని చెప్పింది. ఆ తేడాను జనం పట్టుకున్నారు.

2001లో ఎం6 ఎండమోల్ సంస్థ ‘బిగ్ బ్రదర్’ పద్ధతిలో ‘లాఫ్ట్ స్టోరీ’ మొదలుపెడితే ఇదే లె లే దాన్ని ఖండిస్తూ ‘లె మోండ్’ పత్రికలో వ్యాసం రాశారు. అదే ఏడాది టీఎఫ్1 అదే ఎండమోల్‌తో ‘స్టార్ అకాడమీ’ ప్రసారం చేసింది. ఆ ఎండమోల్ అచ్చే తర్వాత తెలుగు ఇళ్లకు ‘బిగ్ బాస్’గా చేరింది కాబట్టి ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో మన పాఠకులకు వివరించక్కర్లేదు.

మేధావుల చిన్నచూపు విషయంలో కొంత నిజం ఉందన్నాను. దానికి మధ్యాహ్నం 1 గంట వార్తలే సాక్ష్యం. 1988 ఫిబ్రవరిలో ఆ బులెటిన్ జాన్-పియెర్ పెర్నో చేతికి వచ్చింది. ఆయన ఉత్తర ఫ్రాన్స్‌లోని ఆమియెన్ మనిషి. అంతకుముందు ఈవ్ మురూజీ హయాంలో అది పారిస్ హంగులతో సాగేది. పెర్నో దిశ మార్చారు. ప్రాంతీయ పత్రికల విలేకరులతో దేశమంతా ఒక వల అల్లారు. పొలాల్లో మంచు ఎలా కురిసింది, పంట ఎలా ఉంది, ఏ ఊళ్లో చివరి రొట్టెల దుకాణం మూతపడింది, చక్రాలు చేసే చివరి వడ్రంగి ఎవరు, సంతలో పళ్ల ధరలు ఎలా ఉన్నాయి. ఇవే ఆయన వార్తలు. పారిస్ పత్రికలు వెక్కిరించాయి, గతాన్ని తలచుకుని కన్నీరు పెట్టే వార్తలన్నాయి. జనం మాత్రం భోజనం బల్ల దగ్గర ముప్పయ్యేళ్లకు పైగా ఆయన్ని చూస్తూ ఉండిపోయారు. 2020 డిసెంబర్ 18న ఆయన వీడ్కోలు బులెటిన్‌ను 80 లక్షల మందికి పైగా చూశారు. 2022 మార్చిలో క్యాన్సర్‌తో పెర్నో కన్నుమూస్తే, ఏనాడూ ఆయన్ని కలవని పల్లెల వాళ్లు ఇంటి మనిషి పోయినట్లే బాధపడ్డారు.

ఆ వెక్కిరింత నాకు నచ్చదు. రాజధాని బయట బతికే కోట్లమందికి తమ ఊరు తెర మీద కనిపించడం చిన్న విషయం కాదు. హైదరాబాద్ స్టూడియోల్లోని వాగ్వాదాలే రోజంతా చూసే మన శ్రీకాకుళం, ఆదిలాబాద్ ప్రేక్షకులకు ఈ మాట ఇంకా బాగా తెలుస్తుంది. ఊళ్లలో దుకాణాలను నిలబెట్టడానికి పెర్నో ఒక కార్యక్రమమే నడిపారు. ఊరు వదిలి పోతున్న దుకాణదారుకు వారసుణ్ని వెతికిపెట్టడం దాని పని. ఇది సేవే. నా అభ్యంతరం వేరొకచోట ఉంది. దుకాణం మూతపడిందని ఆ బులెటిన్ చెప్పేది. రైలు మార్గం ఎవరు రద్దు చేశారు, పోస్టాఫీసు ఎందుకు ఎత్తేశారు, ఊరి చివర హైపర్‌మార్కెట్‌కు అనుమతి ఎవరిచ్చారు అన్నది అరుదుగా అడిగేది. సమ్మె జరిగితే కార్మికుడి జీతం కంటే స్టేషన్‌లో ఇరుక్కున్న ప్రయాణికుడి విసుగే ముందు వినిపించేది. 2018 నవంబర్‌లో ప్రభుత్వానికి నిరసనగా పసుపు చొక్కాలు వేసుకుని రోడ్ల కూడళ్ల మీదికి వచ్చినవారిలో ఎక్కువమంది ఆ బులెటిన్ చూపించిన చిన్న ఊళ్లవారే. వారి బతుకును ముప్పయ్యేళ్లు ప్రేమగా చూపించిన ఛానల్, వారి కోపానికి కారణాలను మాత్రం చాలావరకు చూపించలేదు. ప్రేమ చూపడం, అండగా నిలవడం ఒకటి కావని ఆ జనానికి తెలుసు. ఆ ఉద్యమంలో విలేకరుల మీద, టీవీ ఛానళ్ల మీద కనిపించిన కసి ఊరికే రాలేదు.

భయం పెంచుతుందన్న ఆరోపణకు 2002 ఏప్రిల్ తేదీలు ముడిపడి ఉన్నాయి. ఏప్రిల్ 18న ఓర్లెయాన్ పట్టణంలో డెబ్బయి దాటిన ఒక వృద్ధుణ్ని ఆగంతకులు కొట్టి ఇంటికి నిప్పు పెట్టారు. 20వ తేదీ శనివారం వార్తల్లో వాచిపోయిన ఆయన ముఖం, ఆయన కన్నీళ్లు కనిపించాయి. టీఎఫ్1 వారి వార్తా ఛానల్ ఎల్‌సీఐలో అవే దృశ్యాలు మళ్లీ మళ్లీ వచ్చాయి. మర్నాడే అధ్యక్ష ఎన్నిక తొలి విడత. తీవ్ర మితవాది జాన్-మరీ లె పెన్‌కు 16.86 శాతం ఓట్లు వచ్చాయి. సోషలిస్టు ప్రధాని లియొనెల్ జోస్పాన్ 16.18 శాతంతో మూడో స్థానంలో ఆగిపోయారు. తేడా రెండు లక్షల ఓట్ల లోపే.

ఒక్క వార్త ఎన్నికను తిప్పేసిందని చెప్పడం అన్యాయం. వామపక్షం ఓట్లు చాలామంది అభ్యర్థుల మధ్య చీలిపోయాయి, ఓటుకు రానివారూ ఎక్కువే. ఆ వృద్ధుడి కథను ప్రభుత్వ ఛానల్ కూడా చూపించింది. కానీ అంతకుముందు నెలల తరబడి నేరాలు, దొంగతనాలు, తగలబడ్డ కార్లు వార్తల్లో నిండిపోయి ఉన్నాయి. అందరికంటే ఎక్కువమంది చూసే బులెటిన్‌లో ఆ పోటు ఇంకా ఎక్కువగా తగిలింది. ఆ రాత్రి ఫలితం చూసి దిమ్మెరపోయిన ఫ్రాన్స్‌లో సగం టీఎఫ్1 వైపు వేలు చూపింది.

దీనికి కొనసాగింపు మూడేళ్ల తర్వాత వచ్చింది. 2005 శరదృతువులో నగర శివార్లలో అల్లర్లు చెలరేగాయి. అప్పుడు ఎల్‌సీఐ అధిపతి జాన్-క్లోద్ దాసియే ఒక అంతర్జాతీయ జర్నలిస్టుల సమావేశంలో, తగలబడే కార్ల దృశ్యాలను తాను కావాలనే తగ్గించానని ఒప్పుకున్నారు. అవి చూపిస్తే మితవాద నేతలకు మేలు జరిగి 2002 పునరావృతమవుతుందన్నది ఆయన భయం. ఆయన ఉద్దేశం మంచిదే అయి ఉండవచ్చు. నాకు మాత్రం ఆ మాట 2002 కంటే ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది. అక్కడ అతిగా చూపించారు, ఇక్కడ ఓట్ల లెక్క వేసుకుని దాచారు. నిజంగా ఎంత జరిగిందో అంతే చూపించడమన్న మూడో దారి ఆ సంస్థకు తోచలేదు. కోట్లమందికి ఏం కనిపించాలో, దానివల్ల ఓట్లు ఎటు పోతాయో ఒక గదిలో కూర్చున్న కొందరు నిర్ణయించారు.

అధికారంతో దగ్గరితనం విషయం అందరికీ తెలిసినదే కాబట్టి దాని మీద ఎక్కువసేపు నిలవను. 1995 ఎన్నికల్లో ఛానల్ పెద్దలు ప్రధాని ఎదువార్ బలదూర్ వైపు మొగ్గారని అప్పుడు విస్తృతంగా విమర్శ వచ్చింది. గెలిచింది షిరాక్. తండ్రి తర్వాత సంస్థను నడిపిన మార్టిన్ బ్విగ్, నికొలా సర్కోజీకి ఆప్తమిత్రుడు, ఆయన కొడుకుకు జ్ఞానపిత. 2007లో సర్కోజీ గెలిచాక, ఆయన ప్రచార బృందంలో ముఖ్యుడైన లొరాన్ సోలీ టీఎఫ్1లో ఉన్నత పదవిలోకి వచ్చారు. 2008 జనవరి 8న సర్కోజీ ప్రభుత్వ ఛానళ్లలో ప్రకటనలు తీసేస్తామని ప్రకటించగానే టీఎఫ్1 షేరు ఎగిసింది. మరుసటి ఏడాది జనవరి నుంచి రాత్రి 8 తర్వాత ప్రభుత్వ ఛానళ్లలో ప్రకటనలు ఆగిపోయాయి. మిత్రుడికి మేలు చేయడానికే అలా చేశారని నిరూపించలేం. కానీ నిర్మాణ కాంట్రాక్టులు, అణు విద్యుత్ కేంద్రాల పనులు, మొబైల్ ఫోన్ లైసెన్సు, అన్నిటికీ ప్రభుత్వం మీద ఆధారపడే కుటుంబం చేతిలో దేశంలోకెల్లా పెద్ద వార్తా బులెటిన్ ఉంటే, అనుమానానికి నిరూపణ అక్కర్లేదు. ఆ ఏర్పాటే అనుమానాన్ని పెంచి పోషిస్తుంది. 1986 చట్టం ఒక యజమానికి 25 శాతం మించి వాటా వద్దన్నది. 1994లో ఆ హద్దును 49 శాతానికి పెంచారు. ఉన్న ఒక్క అడ్డుకట్టను కూడా తక్కువ చేసింది పార్లమెంటే.

ఈ భాగం చదువుతుంటే తెలుగు పాఠకుడికి సొంత ఊరు గుర్తొస్తే ఆశ్చర్యం లేదు. తెలుగులో ముందువరస వార్తా ఛానల్ టీవీ9 2018లో సిమెంటు, గృహనిర్మాణం, భారీ కాంట్రాక్టుల వ్యాపారాల్లో ఉన్నవారి పెట్టుబడితో చేతులు మారింది. మరికొన్ని ఛానళ్లు నేరుగా పార్టీ నాయకుల కుటుంబాలవి. రాజకీయ పార్టీలకు టీవీ లైసెన్సులు ఉండకూడదని, మీడియా యాజమాన్యానికి హద్దులుండాలని ట్రాయ్ 2014లో చేసిన సిఫార్సులు అమలు కాలేదు. ఫ్రాన్స్‌లో కనీసం ఒప్పందం, లైసెన్సు గడువు, జరిమానా వేసే సంస్థ ఉన్నాయి. అవన్నీ ఉండి కూడా అక్కడ ఇన్ని లోపాలు జరిగాయి. ఏమీ లేని చోట ప్రేక్షకుడు ఏ లెక్కన నమ్మాలి?

2005 మార్చి 31న డిజిటల్ ప్రసారాలు మొదలై ఉచిత ఛానళ్లు ఒక్కసారిగా పెరిగాయి. 2007లో ఇంకా 30.7 శాతంగా ఉన్న టీఎఫ్1 వాటా 2023 నాటికి 18.6 శాతానికి దిగింది. అయినా మొదటి స్థానం దానిదే. పోటీ పెరగడం ఛానల్‌కు కొంత మేలు కూడా చేసింది. 2006 వేసవిలో రాత్రి 8 గంటల వార్తలు చదవడానికి హారీ రోజెల్మాక్‌ను కూర్చోబెట్టారు. అంత పెద్ద బులెటిన్ చదివిన తొలి నల్లజాతి యాంకర్ ఆయన. 2021లో వచ్చిన ‘హెచ్‌పీఐ’ సీరియల్ కథానాయిక లీల్ పోలీస్ స్టేషన్‌లో ఊడ్చి తుడిచే పనిచేస్తూ, తన తెలివితో హత్య కేసులు విప్పుతుంది. కోటిమంది చూశారు, అమెరికన్లు హక్కులు కొని తమ భాషలో తీశారు. జనం మెచ్చింది నాసిరకమై తీరాలన్న వాదన అక్కడే వీగిపోయింది. అదే బృందానికి చెందిన టీఎంసీ ఛానల్‌లో 2016 నుంచి యాన్ బార్తేస్ నడిపే ‘కొతిదియాన్’ రోజూ నాయకులను ఏకేస్తోంది. పొలాక్‌ను భరించలేని సంస్థ ఇప్పుడు బార్తేస్‌ను భరిస్తోంది, ప్రకటనలూ బాగా వస్తున్నాయి.

పరువు మాత్రం వీటివల్ల పెరిగిందని నేననుకోను. పక్కవాళ్ల వల్ల పెరిగింది. వాన్సాన్ బొలొరే చేతిలోకి వెళ్లిన వార్తా ఛానల్ 2017లో సీన్యూస్‌గా మారి తీవ్ర మితవాద అభిప్రాయాలకు వేదికైంది. ద్వేషాన్ని రెచ్చగొట్టే వ్యాఖ్యలు ప్రసారం చేసినందుకు 2021 మార్చిలో సీఎస్ఏ దానికి రెండు లక్షల యూరోల జరిమానా వేసింది. 2024 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ అత్యున్నత పాలనా న్యాయస్థానం, భిన్నాభిప్రాయాల లెక్క వేసేటప్పుడు రాజకీయ నాయకులనే కాక వ్యాఖ్యాతలనూ, అతిథులనూ కలపాలని నియంత్రణ సంస్థకు చెప్పింది. అదే యజమాని సీ8 ఛానల్ బూతులు, అవమానాల కేసుల్లో పదేపదే జరిమానాలు కట్టింది, లైసెన్సు పొడిగించకపోవడంతో 2025 ఫిబ్రవరి ఆఖర్న ఆగిపోయింది. ఈ నేపథ్యంలో టీఎఫ్1 రాత్రి వార్తలు నిబ్బరంగా, మర్యాదగా కనిపిస్తున్నాయి. ఒకప్పుడు దాన్ని తిట్టిన వామపక్ష పాఠకులే ఇప్పుడు అక్కడ కనీసం జర్నలిస్టులు ఉన్నారంటున్నారు.

ఇది ప్రమాదకరమైన ఓదార్పు. పక్కింటివాడు ఇంకా చెడ్డవాడన్నది ఎవరికీ మంచితనపు సాక్ష్యం కాదు. టీఎఫ్1ను కొలవాల్సింది బొలొరే ఛానళ్లతో కాదు, 1987లో అది ఒప్పుకున్న షరతుతో. ఆ కొలతను వదిలేస్తే ప్రతి పదేళ్లకూ హద్దు కిందికి జారుతూనే ఉంటుంది. 2021 మేలో టీఎఫ్1, ఎం6 విలీనం ప్రకటించినప్పుడు యాజమాన్యాలు చెప్పిన కారణం కూడా పోలికే. నెట్‌ఫ్లిక్స్, గూగుల్ అంత పెద్దవి, తాము కలవకపోతే బతకలేమన్నారు. కలిసి ఉంటే ఫ్రెంచి టీవీ ప్రకటనల ఆదాయంలో 70 శాతానికి పైగా ఒక్కచోట చేరేది. పోటీ నియంత్రణ సంస్థ అభ్యంతరాలతో 2022 సెప్టెంబర్‌లో ఆ ప్రయత్నం ఆగింది. ఆగడం మంచిదైంది. తాము బతకలేమన్న సంస్థ ఆ తర్వాత సొంత ఉచిత వేదిక టీఎఫ్1 ప్లస్‌ను 2024 జనవరిలో మొదలుపెట్టింది. 2025 జూన్‌లో, తాను శత్రువుగా చూపించిన నెట్‌ఫ్లిక్స్‌తోనే తన ఛానళ్లను, కార్యక్రమాలను ఫ్రాన్స్‌లో ఆ తెర మీద ఇవ్వడానికి ఒప్పందం చేసుకుంది.

2023లో, సీఎస్ఏ స్థానంలో వచ్చిన నియంత్రణ సంస్థ ఆర్కామ్ టీఎఫ్1కు మరో పదేళ్లు ప్రసార తరంగాలు ఇచ్చింది. ప్రజల ఆస్తి అయిన ఆ తరంగాలకు ఛానల్ అద్దె కట్టదు. బదులుగా బాధ్యతలు మోస్తుందన్నదే ఒప్పందం. 2027 వసంతంలో అధ్యక్ష ఎన్నిక ఉంది. రెండో విడతకు ముందు ఇద్దరు అభ్యర్థుల చర్చను ఆనవాయితీగా టీఎఫ్1, ప్రభుత్వ ఛానల్ ఫ్రాన్స్ 2 కలిసి నిర్వహిస్తాయి. 2022లో ఆ చర్చను అన్ని ఛానళ్లలో కలిపి కోటిన్నర మందికి పైగా చూశారు. అభ్యర్థులు మాట్లాడే నిమిషాలను ఆర్కామ్ ఇప్పటికే లెక్కిస్తోంది. ఎన్నికకు ముందు ఆరు నెలల్లో రాత్రి 8 గంటల వార్తల్లో నేరాలకు ఎంత సమయం పోయింది, ఆసుపత్రులకు, బళ్లకు, జీతాలకు ఎంత పోయింది, యజమాని సంస్థకు వచ్చిన ప్రభుత్వ పనుల గురించి ఎన్ని వార్తలు వచ్చాయి అన్నదీ ప్రతి నెలా లెక్కించి జనం ముందు పెట్టాలి. అందుకు కొత్త చట్టం కంటే, 1987లో లోపించిన పట్టుదలే ఎక్కువ అవసరం.